‘మీరు చెప్పేది మాత్రం ఎందుకు నమ్మాలి మేడమ్?’

ప్రశ్న: నేను కోనసీమలో ఓ డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఈ ఏడాది బీకాం, బీఎస్సీ పిల్లల్ని కలిపి వారానికో గంట నాకు అప్పగించి, సైన్స్ అవగాహన గురించి, తప్పుడు సమాచారాన్ని గుర్తించడం గురించి ఏదైనా చెప్పమన్నారు. సిలబస్ లేదు, పుస్తకం లేదు. కోటా బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని ఒకరోజు, బొప్పాయి ఆకు రసంతో డెంగీ పోతుందని ఒకరోజు, వరదలొస్తే బ్యారేజీకి గండి పడిందని ఇంకోరోజు, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అది తప్పని నేను లింకు పెడితే ఒకడు నవ్వే బొమ్మ పెడతాడు, మిగతావాళ్ళు చూసి ఊరుకుంటారు. నెల రోజులు ప్రొజెక్టర్ వేసి, ‘ఏదీ గుడ్డిగా నమ్మొద్దు, అన్నిటినీ అనుమానించండి’ అని చెప్పాను. మొన్న వెనక బెంచీ కుర్రాడు లేచి, ‘మరి మీరు చెప్పేది మాత్రం ఎందుకు నమ్మాలి మేడమ్?’ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు నోట మాట రాలేదు. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

– ఓ లెక్చరర్, అమలాపురం దగ్గర

సమాధానం:

అమ్మా, ముందు ఆ కుర్రాడికి నా లెక్కలో ఓ టీ ఇప్పించండి. వాడు వెటకారానికే అడిగి ఉండొచ్చు. అయినా నెల రోజుల్లో మీ క్లాసులో పుట్టిన అసలు ప్రశ్న అదొక్కటే.

నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏళ్ళ తరబడి బోర్డు మీద నాలుక బొమ్మ వేసేవాణ్ణి. కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనక చేదు అని రంగు సుద్దముక్కలతో గీసి, దాని మీద పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కూడా ఇచ్చేవాణ్ణి. ఓ ఏడాది పాలకొల్లు వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి మర్నాడు లేచి, ‘సార్, రాత్రి పంచదార నాలుక వెనకాల పెట్టుకుని చూశానండి, తియ్యగానే ఉందండి’ అంది. ‘సరిగ్గా పెట్టుకుని ఉండవమ్మా’ అన్నాను. మాట అయితే అనేశాను గానీ, ఆ రాత్రి ఇంట్లో నేనూ పెట్టుకుని చూశాను. తియ్యగానే ఉంది. తరవాతి క్లాసులో దూది పుల్లలతో పంచదార నీళ్ళు, ఉప్పు నీళ్ళు, కాకరకాయ రసం అందరి చేతా పరీక్ష చేయించాం. నేను గీసిన పటం ఒక్క నాలుక మీదా నిలబడలేదు. విచారిస్తే తేలిందేమంటే, 1901లో హానిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక మీద చోటుకీ చోటుకీ ఉన్న చిన్న చిన్న తేడాలు కొలిచాడు. 1942లో బోరింగ్ అనే అమెరికన్ తన పుస్తకంలో వాటిని గీసిన తీరు చూసి, ఒక్కో చోట ఒక్కో రుచే తెలుస్తుందని జనం అనుకున్నారు. అది పుస్తకం నుంచి పుస్తకానికి పాకి నా సుద్దముక్క దాకా వచ్చింది. వాట్సాప్ లేని రోజుల ఫార్వర్డ్ అనుకోండి.

మర్నాడు బోర్డు మీద అదే బొమ్మ వేసి, దాని మీద అడ్డగీత కొట్టి, ‘ఇది నేను మీకు తప్పు చెప్పాను’ అన్నాను. చెమటలు పట్టాయి. కానీ ఆ ఏడాది ఆ బ్యాచ్ నా మాట విన్నంతగా మరే బ్యాచ్చీ వినలేదు.

మీ కుర్రాడికి చెప్పాల్సింది ఇందులోనే ఉంది. ‘నేను చెప్పేది ఎక్కడ తప్పో నువ్వు పట్టుకోగలిగేలా చెబుతాను. పట్టుకుంటే బోర్డు మీదే దిద్దుకుంటాను. నీకొచ్చిన ఆ వీడియోవాడు ఎప్పుడైనా దిద్దుకున్నాడేమో చూసి చెప్పు’ అనండి.

ఇక మీ తప్పు సంగతి. ‘అన్నిటినీ అనుమానించండి’ అన్నారు చూడండి, అదే. అన్నిటినీ అనుమానించేవాణ్ణి మోసం చెయ్యడం చాలా తేలిక. డాక్టర్లందరూ దొంగలే అని తేల్చుకున్న మా వీధి పెద్దమనిషి ఒకాయన, ఊరూపేరూ లేని సీసా మందు మాత్రం కళ్ళకద్దుకుని తాగుతాడు. పిల్లలకి మీరు నేర్పాల్సింది ఎవర్ని, ఏ విషయంలో, ఎంతవరకు నమ్మొచ్చో తూచుకోవడం. అది వాళ్ళకి కొత్త కూడా కాదు. మీ క్లాసులో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులున్న ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలుంటారు కదా, వాళ్ళని అడగండి.

వాళ్ళ నాన్న చెరువులో వెనామీ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలే ముందు ఏం చేస్తాడు? ‘మా సీడ్‌కి వైట్ స్పాట్ జబ్బు లేదండి’ అని ఆ పిల్లల్ని పెంచి అమ్మే హేచరీవాడు చెబితే సరేనని డబ్బు కట్టేస్తాడా? నాలుగు రొయ్య పిల్లల్ని పట్టుకెళ్ళి, ఆ హేచరీతో సంబంధం లేని ల్యాబులో వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. ఆ హేచరీ సీడ్ కిందటి పంటలో ఎలా నడిచిందో గట్టు మీద ఇంకో రైతుని అడుగుతాడు. హేచరీవాడి బోర్డు ఎంత పెద్దదో, కార్డు ఎంత మెరుస్తోందో చూసి సీడ్ కొన్నవాడికి ఆక్వాలో రెండో పంట ఉండదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు 2017లో బయటపెట్టిన పరిశోధనలో తేలిందీ ఇదే. పదిమంది చరిత్ర ప్రొఫెసర్లని, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న పదిమందిని కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. ప్రొఫెసర్లు, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, లోగో చూసి, భాష చూసి మోసపోయారు. వృత్తివాళ్ళు పేజీని సగం కూడా చదవకుండా, పక్కన ఇంకో నాలుగు ట్యాబులు తెరిచి, వీళ్ళ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో వెతికారు. తక్కువ టైంలో సరిగ్గా తేల్చేశారు. హేచరీలో కూర్చుని హేచరీవాడి కాగితాలు ఎంతసేపు చదివితే ఏం లాభం చెప్పండి. బయటి ల్యాబుకి వెళ్ళాలి. ఈ పాఠానికి మీకు ప్రొజెక్టర్ అక్కర్లేదు. క్లాసులో చెరువున్న కుర్రాణ్ణి లేపి చెప్పించండి. బీకాం పిల్లలకి కూడా ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

అదే చెరువు దగ్గర ఇంకో పాఠం ఉంది, నా లెక్కన ఇది మరీ ముఖ్యం. నాలుగు రోజులు ముసురు పడుతుంది. ఎండ లేక నీళ్ళలో నాచు ఆక్సిజన్ సరిగ్గా తయారు చెయ్యదు, తెల్లవారుజామున డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, రొయ్య మేత మానేస్తుంది, మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో వేసింది వేసినట్టే ఉంటుంది. రైతుకి టెన్షన్. షాపువాడు ఓ డబ్బా అంటగడతాడు. అది చల్లిన రెండో రోజుకి రొయ్య మేతకొస్తుంది. ‘మందు భలే పనిచేసిందండి!’ ఆ రెండు రోజుల్లో ఎండ కూడా కాసిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పక్క చెరువులో ఏ మందూ చల్లకుండానే రొయ్య మేతకొచ్చిందా అని అడిగినవాడు సైన్స్ మొదలుపెట్టినట్టే.

బొప్పాయి ఆకు రసం ఇక్కడికి తెచ్చి పెట్టండి. డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని రోజులు పడిపోయి, చాలామందిలో వారం పది రోజులకి వాటంతటవే లేస్తాయి. పడుతున్నప్పుడు భయపడి రసం తాగుతారు, లేచేసరికి రసం మహిమ అంటారు. ఇది కూడా ముసురు తరవాత ఎండే. అయితే ‘అంతా అబద్ధం’ అని కొట్టిపారెయ్యకండి. రసం మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి, కొన్నిటిలో ప్లేట్‌లెట్లు కాస్త తొందరగా పెరిగినట్టు కనబడింది. ప్రాణం కాపాడుతుందనడానికి అవి చాలవు. ఒక మాటని ‘నిజం’, ‘అబద్ధం’ అని కాకుండా ‘ఇంతవరకే తెలుసు’ అనే గడిలో పెట్టడం పిల్లలకి అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. దానికి ఓ గంట పట్టినా పట్టనివ్వండి. ఇంకో సంగతి కూడా వాళ్ళ చేత నోట్సులో రాయించండి: డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కనబడటం, వీటిలో ఏది ఉన్నా రసం గ్లాసు పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇప్పుడు ప్లాస్టిక్ బియ్యం. నేను మీ స్థానంలో ఉంటే రెండు వారాలు దీనికే ఇస్తాను.

పిల్లల్ని తలో గుప్పెడు కోటా బియ్యం పొట్లం కట్టి తెమ్మనండి. తెల్ల కాగితం మీద పోసి వెయ్యి గింజలు లెక్కపెట్టమనండి. గొణుగుతారు, పర్వాలేదు. అందులో తేడాగా కనబడే గింజలు ఏరాలి. ముందే ఓ మాట చెప్పకండి, వాళ్ళే గొడవపడతారు: పొట్ట తెల్లగా ఉండే మామూలు గింజ కొన్నిట్లో ఉంటుంది, అదీ తేడా గింజేనని ఒకరు, కాదని ఒకరు. కాసేపు అరుచుకోనిచ్చి, ‘సరే, తేడా గింజంటే ఏమిటో మనమే ఒక లెక్క రాసుకుందాం’ అనండి. రాసుకున్నాక కుప్పలు మార్చి, పక్కవాడి బియ్యం లెక్కపెట్టించండి. ఒకడికి ఐదు వస్తాయి, ఇంకొకడికి పదిహేను. బోర్డు మీద అందరి అంకెలూ రాసి సగటు తీస్తే, అది ఫోర్టిఫైడ్ బియ్యమైతే, పది దగ్గర తేలాలి. ఎందుకంటే, ఫోర్టిఫైడ్ బియ్యంలో కిలోకి పది గ్రాములు, అంటే నూటికి ఒక వంతు, బలవర్ధక గింజలు కలుపుతారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మనం జంతికలు వత్తినట్టు యంత్రంలో వత్తి, గింజ ఆకారంలో కోస్తారు. లోపల గాలి చిక్కుకుంటే కొన్ని నీళ్ళ మీద తేలతాయి. వీడియోల్లో చూపించే ‘ప్లాస్టిక్’ చాలామట్టుకు అదే. ఐదొచ్చినవాడు తన గుప్పెడు చూసే లోకమంతా ఇంతే అనుకుంటాడు, పదిహేనొచ్చినవాడూ అంతే. శాంపిల్ అనే మాటకి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

తరవాత కెమిస్ట్రీవాళ్ళ దగ్గర అయోడిన్ ద్రావణం అడిగి తెచ్చుకోండి. మూడు వాచ్ గ్లాసులు: ఒకదాంట్లో మామూలు గింజ, ఒకదాంట్లో తేడా గింజ, మూడోదాంట్లో సంచీ అంచు నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క. గింజల్ని నలిపి తలో చుక్క వెయ్యండి. మొదటి రెండూ నల్లటి నీలంలోకి తిరుగుతాయి. ప్లాస్టిక్ మీద చుక్క అదే గోధుమరంగులో బొట్టులా కూర్చుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో బెల్లు కొట్టెయ్యకండి. ‘దీనివల్ల ఏం తేలింది?’ అని అడగండి. ‘ప్లాస్టిక్ లేదని తేలింది’ అంటారు. తేలలేదు. పిండి ఉందని మాత్రమే తేలింది. పిండితో పాటు ఇంకేదైనా ఉందేమో ఈ పరీక్ష చెప్పదు. దాన్ని తేల్చాలంటే ఇంకేం చెయ్యాలో వాళ్ళనే అడగండి. ఒకరు ఉడికించి చూద్దామంటారు, ఒకరు కాల్చి చూద్దామంటారు (గది బయట, చిటికెడు ముక్కతో, మీరు పక్కన ఉండి), బీకాం పిల్ల ఒకతి లేచి, ‘కిలో ప్లాస్టిక్ గుళికల ఖరీదు కిలో బియ్యం కన్నా ఎక్కువ కదండీ, నష్టానికి ఎవడు కలుపుతాడండీ?’ అంటుంది. ఆ పిల్ల అన్నరోజు మీ కోర్సు సగం అయిపోయినట్టే.

ఆ గింజలోని ఫోలిక్ యాసిడ్ గురించి చెప్పకుండా వదలకండి. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకి పనిచేసే మందుల్లో అదొకటైంది. భీమవరం పక్క ఊళ్ళలో ఆ గింజనే ప్లాస్టిక్ అని ఏరి కోళ్ళకి వేస్తున్నారు.

అలాగని ఫోర్టిఫైడ్ బియ్యానికి మీరు ప్రచారకర్త కానక్కర్లేదు. అందరికీ ఒకే తీరున ఇనుము కలిపి పెట్టడం వల్ల ఎంత మేలు జరుగుతోంది, తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళ సంగతేమిటి, పైన ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న కుటుంబాల మాటేమిటి అని శాస్త్రవేత్తలే వాదించుకున్నారు. అవి అడగాల్సిన ప్రశ్నలు. ‘ప్లాస్టిక్’ అనే కేకలో అవి ఎవరికీ వినపడకుండా పోయాయి. పుకారు వల్ల నాకు అన్నిటికన్నా కడుపుమంట కలిగించేది ఇదే.

వరద మెసేజీల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది మీ లంక గ్రామాల పిల్లలకి మనకన్నా బాగా తెలుసు. నిజమైన సమాచారంలో అంకె ఉంటుంది, టైం ఉంటుంది: గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇన్ని అడుగులు, ఇన్ని లక్షల క్యూసెక్కులు, ఇన్ని గంటలకి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. చాలాసార్లు పైన భద్రాచలంలో పెరిగాకే ఇక్కడికి వస్తుంది. 2022 జులైలో అక్కడ 71.3 అడుగులకి చేరినప్పుడు తీసిన వీడియోలు ఆ తరవాత ఏ వరదొచ్చినా ‘ఇప్పుడే అందిన వార్త’గా తిరుగుతూనే ఉన్నాయి. వీడియోలోంచి ఓ బొమ్మ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే చాలాసార్లు పాత తేదీ దొరికిపోతుంది. మెసేజీ మీద రెండు బాణాల గుర్తుందంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అదొక్కటే చూసి అబద్ధమని తేల్చొద్దు, కంగారుగా ఆరో చెయ్యి కావొద్దని మాత్రం చెప్పండి.

క్లాసులో చూపించేవన్నీ అబద్ధాలే అయితే పిల్లలు రెండు వారాల్లో తెలివి మీరతారు. ఏది చూపించినా ‘ఫేక్ మేడమ్’ అనడం మొదలెడతారు. అందుకని నమ్మబుద్ధి కాని నిజాలు సగం కలపండి. ‘పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది’ అని ఓ ముక్క రాసి చూపించండి. 1995 నాటికి వాళ్ళు పుట్టలేదు, ఇదీ ఫేకే అంటారు. ఇంటికెళ్ళి అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రమ్మనండి. మంటల వెలుగు ఎంత దూరం కనబడేదో చెప్పడంలో ఇద్దరు తాతల మాట కలవదు. అప్పుడు ఆ ఏడాది పేపర్లు వెతికించండి.

మార్కులు పెట్టాల్సి వస్తే తప్పో ఒప్పో అడగకండి. ఒక మెసేజీ ఇచ్చి, ‘దీన్ని నువ్వు నూటికి ఎంత నమ్ముతావు, ఏం దొరికితే ఆ అంకె మారుస్తావు’ అని రాయమనండి. రెండో సగానికే మార్కులు. ఏఐని అడిగి రాసుకొస్తే రానివ్వండి. అది చెప్పిన దాంట్లో ఒక్క వాక్యం ఎంచుకుని, బయట సరిచూసుకుని వచ్చి బోర్డు దగ్గర చెప్పమనండి. రెండుసార్లు దొరికిపోయాక వాళ్ళే జాగ్రత్త పడతారు.

చివరిగా ఇంటి సంగతి. ఇదంతా నేర్చుకున్న కుర్రాడు వెళ్ళి ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నని అందరి ముందూ కడిగేస్తాడు. పెదనాన్న గ్రూపులోంచి లెఫ్టయిపోతాడు, మర్నాటి నుంచి అవే మెసేజీలు వేరే గ్రూపులో పెడతాడు. దీనికీ ఓ క్లాసు ఖర్చు పెట్టండి, పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరిని పెదనాన్నని చెయ్యండి. గ్రూపులో ఏమీ అనకుండా విడిగా ఫోన్ చేసి, ‘పెదనాన్నా, ఆ బియ్యం వీడియో చూశానండి. మా కాలేజీలో మేమూ ఏరి చూశాం, రేపు వస్తాను, మీ డబ్బాలో బియ్యం కూడా చూద్దామండి’ అనడం ప్రాక్టీసు చేయించండి. మీ లింకుకి క్లాసులో నవ్వే బొమ్మ ఎందుకొచ్చిందో కూడా అప్పుడు మీకు తెలుస్తుంది. అందరి ముందూ తప్పు పట్టించుకోవడం పెదనాన్నకే కాదు, పద్దెనిమిదేళ్ళవాడికీ ఇష్టముండదు.

అయోడిన్ రోజున పిల్లల తెల్ల చొక్కాల మీద మరకలు పడటం ఖాయం, ఇళ్ళ నుంచి తిట్లొస్తాయి. సి విటమిన్ మాత్ర ఒకటి పొడి చేసి నీళ్ళలో కలిపి రుద్దితే మరక పోతుంది. ముందు ఓ పాత గుడ్డ మీద వేసి చూసుకోండి. వెయ్యి గింజలకి మీ క్లాసు సగటు ఎంతొచ్చిందో నాకు రాయండి. పది దరిదాపుల్లో లేకపోతే మరీ తొందరగా రాయండి.